మునగాకు తిన్న కోళ్లు

నా కోళ్లకి జబ్బు సేస్తే ఊరోళ్లు నవ్వినారు. "లక్ష్మీనరసమ్మ తిట్లకి జడిసి మంచం పట్టేసినాయి" అన్నారు. నవ్వనీ, నాకేటి! ఆళ్లకి ఇంట్లో మనుషులున్నారు, నవ్వుకుంటారు. నాకున్నవి ఆ కోళ్లే. పొద్దున్న గూటి తలుపు తీసి ఆటిని నాలుగు తిట్లు తిడితే గానీ నా గొంతు పెగల్దు. ఆ తరవాత మళ్లీ మాటాడాలంటే ఎవురో ఒకరు రావాలి. ఎవురొస్తారు?

మాది సాలూరు పక్క ఊరు. మా బావ జగన్నాధం లారీ బేటరీల పని సేసేవోడు. బావంటే మేనత్త కొడుకే, ఆడినే కట్టుకున్నాను. పాడైపోయిన బేటరీలు సాలూరు నుంచి మోపెడు మీద ఏసుకొచ్చి, దొడ్లో పగలగొట్టి, లోపల సీసం పలకలు తీసి, ఇనప బాండీలో కరిగించి అచ్చులు పోసేవోడు. మూడేళ్లవుతాది పోయి. కడుపునొప్పి, కడుపునొప్పి అనేవోడు, ఆకరికి కిడ్నీలన్నారు. పిల్లా పీచూ నేరు మాకు. ఆడు పోనాక ఆ దొడ్డీ, ఆ కోళ్లూ, నానూ మిగిలినాం.

అబద్దం ఎందుకు, కుమారి కూడా ఉండేది. నా గోడకి అవతలిల్లే దానిది. మొగుడు గోవింద్ లారీ మీద రాయపూర్ ఎల్లినాడంటే ఎప్పుడొస్తాడో ఆడికే తెల్దు. అత్త ధనలక్ష్మి ఉన్నాది గానీ అది టీవీ ముందు కూకుంటే పక్కన పిడుగు పడినా తల తిప్పదు. అందుకని కుమారి పొద్దున్నే నా దొడ్లోకి వచ్చేసేది. గూడు ముందు పీట ఏసుకుని, గంపలో సెయ్యి పెట్టి, ఎచ్చటి గుడ్డు తీసి బుగ్గకి ఆనించుకునేది. ఇద్దరం సెరొకటీ ఉడకబెట్టుకుని తినీవోళ్లం. దానికి రెండుసార్లు కడుపు పోనాది. మూడోసారి నిలబడినాక నాను గట్టిగా సెప్పినాను, "ఒసే కుమారీ, నీకు నొప్పులొచ్చే వరకూ నా దొడ్లో పడ్డ మొదటి గుడ్డు నీదే. డబ్బులన్నావంటే సెంప పగలగొడతాను" అని. అది నవ్వినాది. "అలాగేలే అత్తా, నీ మనవడే కదా" అన్నాది. ఆ మాట నాకెంత బాగున్నాదో ఏటి సెప్పను! పొయ్యి కాడికెల్లి కాసేపు ఊరికే నిలబడిపోనాను.

అలాంటప్పుడు మొదలెట్టినాయి కోళ్లు. ముందు కాకిపెట్ట తినడం మానేసినాది. తరవాత పుంజు కాళ్లు నిలవక గోడవార కూకుండిపోనాది. తురాయిలు తెల్లగా పాలిపోనాయి, రెట్ట ఆకుపచ్చగా నీళ్లలాగ పడతన్నాది. గుడ్లంటావా, తోలుగుడ్లు. పట్టుకుంటే సేతిలోనే సితికిపోయేవి. అయి తీసి పారేసేదాన్ని. కొక్కెర తెగులన్నారు అందరూ. పశువులాసుపత్రోళ్లు ఊళ్లోకొచ్చి కోళ్లకి సుక్కల మందు ఏస్తన్నారంటే, గంపలో ఆటిని పెట్టుకుని ఎల్లినాను. దార్లోనే కాకిపెట్ట సచ్చిపోనాది.

అక్కడ విశాలి అని ఒక పిల్ల ఉన్నాది. ఇజీనారం పిల్ల, పశువుల డాక్టరీలో ఇంకా పై సదువు సదువుతున్నాదంట. సన్నగా, కళ్లజోడు పెట్టుకుని, ఈ పిల్లేటి కోడిని పట్టుకుంటాది అనుకున్నాను. పట్టుకున్నాది, రెక్క కింద సూసినాది, కన్ను రెప్ప తిప్పి సూసినాది.

"అమ్మా, ఇది కొక్కెర కాదు. మెడ తిరగలేదు, జలుబు లేదు. ఇవేదో విషం తింటున్నాయి."

"విషమా! నా కోళ్లకి విషం పెట్టేవోడెవుడే ఈ ఊళ్లో? పేరు సెప్పు, ఆడి సంగతి సూస్తాను."

"ఎవరూ పెట్టక్కర్లేదమ్మా. పొలంలో పురుగుమందు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. చచ్చిన పెట్టని నాకిస్తారా? లోపలి భాగాలు పరీక్షకి పంపిస్తాను. రావడానికి చాన్నాళ్లు పడుతుంది. గుడ్లు పెడుతున్నాయా?"

"ఎక్కడ పెడతన్నాయి. తోలుగుడ్లు తప్పితే నేవు."

అప్పుడా పిల్ల తన సదువు సంగతి సెప్పినాది. విషం తిన్న కోళ్లని ఆకులూ దుంపలూ ఎంతవరకూ కాపాడతాయో అదే దాని పని. మునగాకు నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, కొంచెం పసుపు కలిపి నూకల్లో పెట్టమన్నాది. నాకు నవ్వొచ్చినాది. మునగాకు సెప్పడానికి ఇంత సదువెందుకే అనేసినాను మొకం మీదే. ఆ పిల్లేటీ అనుకోనేదు. "ఎంత పెట్టాలో, ఎన్నాళ్లు పెట్టాలో, దేనికి పని చేస్తుందో, దేనికి చెయ్యదో తెలియాలి కదమ్మా" అన్నాది. తన ఫోను నంబరిచ్చి, నాది రాసుకున్నాది.

మునగసెట్టు నా దొడ్లోనే ఉన్నాది. రోజూ కొమ్మ ఇరిసి, సేటలో ఆరబెట్టి, రోట్లో ఏసి దంపినాను. కుమారి పక్కన కూకుని ఈనెలు ఏరేది. "అత్తా, నాకు కూడా ఇలా మేత కలిపి పెట్టే అత్త దొరికుంటే బాగున్ను" అనేది. "నీకు నోరెక్కువైపోతన్నాది పిల్లా" అనేదాన్ని నాను. 

ఓలమ్మ, ఏటి సెప్పమంటావు! ముందు పుంజు లేసి నిలబడినాది. తరవాత ఒకో పెట్టకీ తురాయి ఎర్రబడినాది. ఒకరోజు పొద్దున్న గంపలో గుడ్డున్నాది, గట్టి గుడ్డు, పెంకు మీద గోరు గీస్తే దిగనేదు. నాను ఈధి వరకూ ఎల్లి అరిసినాను, "ఒసే కుమారీ, రాయే, గుడ్డెట్టినాదే!" అని. ధనలక్ష్మి కూడా టీవీ ఒగ్గేసి గుమ్మంలోకి వచ్చినాది. ఆ మొదటి గుడ్డు కుమారికే ఉడకబెట్టినాను. మరి ఆ రోజు నుంచీ రోజూ తిన్నాది అది. పొట్ట బాగా కనబడతన్నాది అప్పటికి. బిడ్డ కదిలితే నా సెయ్యి తీసి పెట్టేది.

ఆ విశాలి డాక్టరమ్మ మళ్లీ వచ్చినాది, సెప్పా పెట్టకుండా. ఆటో దిగి తిన్నగా దొడ్లోకి వచ్చినాది. నా కోళ్లని సూసి దాని మొకం ముందు ఎలిగినాది, ఎంటనే మాడిపోనాది.

"గుడ్లు పెడుతున్నాయా అమ్మా?"

"పెట్టకేటి! నీ మునగాకు మామూలిది కాదే తల్లీ. కూకో, రెండు ఉడకబెడతాను."

"వద్దమ్మా. ఎవరు తింటున్నారు ఈ గుడ్లు?"

నాను సెప్పినాను, నానూ కుమారీ అని. కుమారి కడుపుతో ఉన్నాదని కూడా గొప్పగానే సెప్పినాను. ఆ పిల్ల పీట మీద కూలబడిపోనాది. పరీక్ష వచ్చినాదంట. సచ్చిన పెట్ట లోపల, కార్జంలోనూ మూత్రపిండాల్లోనూ, సీసం ఉన్నాదంట. కొంచెం కాదు, సాలా ఉన్నాదంట.

"సీసం తినడానికి నా కోళ్లకేటి పిచ్చా? మా బావ పోనాక ఈ దొడ్లో బేటరీ అన్నదే నేదు."

"ఆయన కాల్చిన చోటెక్కడమ్మా? ఆ బూడిద ఏం చేశారు?"

అప్పుడు సూపించినాను. సూపించడం అంటే, గర్వంగా సూపించినాను. ఇంటెనక రేకుల కింద గోనె బస్తాలున్నాయి, మా బావ పొయ్యిలోంచి ఎత్తిన బుగ్గి. బుగ్గంటే బూడిదే, మేమలాగంటాం. కోళ్లకి పేలు పడితే ఎవురైనా ఏటి సేస్తారు? బుగ్గి కుప్ప పోస్తారు, అయి పొర్లాడి దులుపుకుంటాయి, పేలు రాలిపోతాయి. మా అమ్మ సేసినాది, ఆళ్లమ్మ సేసినాది. ఇప్పుడందరికీ గేస్ పొయ్యిలే, కర్రల బుగ్గి ఎక్కడుంది? అందుకని నాను మా బావ బుగ్గి పోసినాను. ఆడు పోనాక ఆ బస్తాలు పారీడానికి మనసొప్పనేదు. గూడు పక్కన పిడికెడు పిడికెడు పోసి, "మీ మావ బుగ్గిరా, పొర్లండి" అనేదాన్ని. పేలన్నీ పోనాయి మరి. బరువుగా ఉండేది ఆ బుగ్గి, సేతికి పసుపుపచ్చగా అంటుకునేది.

"ఇది పేలకి మందమ్మా, నీ సదువులో కూడా ఉండదు" అన్నాను, బస్తా మూతి ఇప్పబోతా.

"ముట్టుకోకండి!" అని అరిసినాది ఆ పిల్ల. అప్పటివరకూ నా మీద అలా అరిసినోళ్లు నేరు. అరిసి, తనే నా సేతులు పట్టుకుని కుళాయి కాడికి తీసుకెల్లి సబ్బేసి కడిగినాది. కడుగుతానే సెప్పినాది. కోళ్లు ఆ బుగ్గిలో పొర్లి, ముక్కుతో ఈకలు సవరించుకుని, దాన్నే మింగినాయి. నేల గీరి మింగినాయి.

"మరి బాగయినాయి కదే! కళ్లెదుట తిరుగుతన్నాయి కదా!"

"మునగాకు, పసుపు కోడిని కాపాడాయమ్మా. సీసం లోపల చేసే హానిని అవి అడ్డుకుంటాయి. కాలేయానికి, రక్తానికి బలమిస్తాయి. కానీ సీసాన్ని మాయం చెయ్యవు. అది ఇంకా లోపలే ఉంది. కోడి కోలుకుంది కాబట్టి గుడ్డు పెట్టింది. ఆ గుడ్డులోకి సీసం దిగుతుంది. జబ్బుగా ఉన్నప్పుడే నయం, ఎవరూ తినలేదు. గుడ్లు పెట్టడం మొదలైతే తినకండని నేను ఆ రోజే చెప్పాల్సింది. నాకు తట్టలేదు."

ఆ పిల్ల కళ్లంట నీళ్లెట్టుకున్నాది. ఎవుర్ని తిట్టను? ఆ పిల్లనా, సచ్చిపోయిన మా బావనా? ఆడిని తిట్టినాను. గట్టిగానే తిట్టినాను, "ఒరే జగన్నాధం, నువ్వు పోయి కూడా నా కొంపకి ఇదేట్రా తెచ్చినావు" అని. తిట్టినాక ఏడుపొచ్చినాది, ఆడు ఆ బుగ్గిలో పన్నెండు నెల్లూ కూకునే పని సేసినాడు కదా.

ఒక మాట నా బుర్రలో మెదిలినాది. రేపట్నించి కోళ్లు గుడ్లు మానేసినాయని కుమారికి సెప్పేస్తే సరిపోతాది కదా. గుడ్డు తినదు, బిడ్డ బాగుంటాది, కుమారి మామూలుగా వస్తాది. ఆ మాటే డాక్టరమ్మనడిగినాను.

"ఆమె రక్తం పరీక్ష చేయించాలమ్మా. ఎంత ఉందో తెలిస్తే డాక్టర్లు బిడ్డ కోసం చెయ్యాల్సింది చేస్తారు. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"నానే సెప్తాను" అన్నాను. నా సేత్తో పెట్టినాను, నా నోటితో సెప్పొద్దేటి?

సాయంత్రం కుమారి వచ్చినాది, తలలో కనకాంబరాలు పెట్టుకుని. పీట మీద కూకుంటే లేపి గుమ్మంలోకి తీసుకెల్లినాను. అంతా సెప్పినాను, ఒకటీ దాయకుండా. పొట్ట మీద సెయ్యేసుకుని ఇన్నాది. సివరికి ఒకటే అడిగినాది.

"అత్తా, ముందు పోయినోళ్లు ఇద్దరప్పుడూ నీ గుడ్లే కదా తిన్నాను?"

నాను అప్పటికప్పుడే డాక్టరమ్మకి ఫోను సేసినాను. అదే అడిగితే ఆ పిల్లా తేల్చి సెప్పనేదు. అవ్వచ్చు, కాకపోవచ్చు, ఇప్పుడు తెలిసే దారి లేదు అన్నాది. ఆ మాటే కుమారికి సెప్పినాను. అది లేసి ఎల్లిపోనాది. కాసేపటికి ధనలక్ష్మి వచ్చి ఈధిలో నిలబడి, నెత్తీ నోరూ కొట్టుకుని, నన్ను అనకూడని మాటలన్నీ అన్నాది. నా వంశం నిలబడకుండా సేసినావే, గొడ్రాలివి నీకేటి తెలుస్తాది అన్నాది. ఊరంతా పోగయినారు. మామూలుగా అయితే ధనలక్ష్మి ఒకటంటే నాను పది అంటాను. ఆ రోజు తలుపు దగ్గరేసుకుని లోపల కూకున్నాను.

గోవింద్ వచ్చి కుమారిని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెల్లినాడు. రక్తంలో సీసం ఉన్నాదంట. మందులిచ్చి, పాలూ పళ్లూ తినమని, కానుపయ్యే వరకూ ఈ సుట్టుపక్కల ఉంచొద్దన్నారంట. పాలకొండలో కన్నోరింటికి పంపించేసినారు. ఎల్లినప్పుడు నా ఇంటి ముందు నుంచే ఆటో పోనాది. నాను గుమ్మంలోనే ఉన్నాను. అది ఇటు సూడనేదు. డాక్టరమ్మ నాకూ పరీక్ష సేయించినాది, నా రక్తంలోనూ ఉన్నాదంట, ఏటో గోళీలిచ్చినారు. మింగినాను, ఒకోరోజు మరిసిపోనాను.

డాక్టరమ్మ మనుషుల్ని తీసుకొచ్చి బస్తాలు పట్టించుకెల్లినాది. గూడు సుట్టూ జానెడు మన్ను ఎత్తించి, వేరే మన్ను పోయించినాది. "లోపలికి ఎంత దిగిందో చెప్పలేనమ్మా. వానలు పడతాయి, నీళ్లు దాన్ని మళ్లీ పైకి తోస్తాయి. చిన్నపిల్లల్ని మాత్రం ఈ దొడ్లోకి రానివ్వకండి" అన్నాది. నాకు నవ్వొచ్చినాది. నా దొడ్లోకి పెద్దోళ్లే రావడం నేదు, పిల్లలెవురొస్తారు? కుళాయి కాడ నాను బిందె పెడితే పక్కనున్నోళ్లు జరిగి నిలబడతన్నారు. పండక్కి నా కాడ పుంజు కొనుక్కునేవోళ్లు ఈ యేడు మొకం తిప్పేసుకున్నారు.

కోళ్లు మాత్రం బాగున్నాయి. రోజూ మునగాకు దంపుతాను, పెడతాను. ఈనెలు ఏరడానికి తోడు నేదు, నానే ఏరుకుంటాను. డాక్టరమ్మ అప్పుడప్పుడూ వచ్చి ఆటి రెక్కల్లోంచి రక్తం తీసుకునేది, సీసం తగ్గుతున్నాదమ్మా, నిదానంగా తగ్గుతున్నాది అనేది. వచ్చినప్పుడల్లా టీ పెట్టి, కావాలనే నిదానంగా మరిగించేదాన్ని, కాసేపుంటాదని. దాని సదువైపోనాది. ఎక్కడో కడపలో ఉద్యోగమంట, ఎల్లిపోనాది. కోళ్లు గుడ్లు పెడతానే ఉన్నాయి. గట్టి గుడ్లు, ఎర్రగా నున్నగా. పొద్దున్న గొయ్యి తీసి, ఆటిని పగలగొట్టి పోసి, మన్ను కప్పేస్తాను. కోళ్లని అమ్మీలేను, కోసుకోలేను. అమ్మితే ఇంకెవురో తింటారు. ఉంచుకున్నాను.

మొన్న మద్దేనం ఫోను మోగినాది. ఎత్తితే కుమారి.

"అత్తా" అన్నాది. ఆ పిలుపు ఇని ఎన్నాళ్లయినాదో.

"ఎలాగున్నావే పిల్లా?"

"ఆడపిల్ల పుట్టినాదత్తా. నెల దాటింది. కొంచెం తక్కువ బరువు, అంతే. రక్తం సూసినారు, కొద్దిగా ఉన్నాదంట, సూస్తా ఉండాలన్నారు. పాలు బాగా తాగుతున్నాది."

"నా తల్లే! నా బంగారే!" అన్నాను. ఇంకేటన్నానో తెల్దు, సాలా అన్నాను. ఏడిసినాను కూడా. అది ఇన్నాది. తరవాత గొంతు తగ్గించి మాటాడినాది, పక్కనోళ్లకి ఇనబడకుండా కాబోలు.

"అత్తా, వచ్చే నెల ఆయనొచ్చి తీసుకెల్తాడు. నా అత్త నీ గడప తొక్కొద్దంటాది. నాకు నీ మీద కోపం నేదు. నిద్రట్టడం నేదు, అంతే. ఆ ఇద్దరూ నీ గుడ్డు వల్ల పోనేదని ఒక్క మాట సెప్పు. ఇంకెవురు సెప్పినా నమ్మను, నువ్వు సెప్తే నమ్ముతాను. ఆటో దిగి ముందు నీ దొడ్లోకే వస్తాను, బిడ్డని నీ ఒళ్లో ఏస్తాను."

కాదు. అంతే కదా, రెండక్షరాలు. నాకూ తెల్దు, దానికీ తెల్దు, డాక్టరమ్మకీ తెల్దు. కాదు అంటే అబద్దమని ఎవురూ అనలేరు. నాలిక మీదకొచ్చేసినాది ఆ మాట. నా ఒళ్లో బిడ్డ బరువు కూడా తెలిసినాది నాకు, నిజంగా తెలిసినాది. రేపు అది కూకుంటాది, పాకుతాది, కుమారి పీట ఏసుకుని కబుర్లాడతంటే ఇక్కడే ఈ మన్నులో సేతులు పెట్టి నోట్లో పెట్టుకుంటాది. 

"కుమారీ" అన్నాను. "నాకు తెల్దే. అవునో కాదో నాకు తెల్దు. నువ్వు రాకు. బిడ్డ ఎదిగే వరకూ ఈ దొడ్లోకి అడుగు పెట్టకు, దాన్ని పెట్టనీకు. మీ అత్త సెప్పినట్టే ఇను."

అవతల కుమారి ఊపిరి ఇనబడతన్నాది. అంతలో బిడ్డ లేసినాది కాబోలు, ఏడిసినాది. సన్న గొంతు, కానీ గట్టిదే. నాను సెవి నొక్కిపెట్టుకుని ఇన్నాను. కుమారి ఫోను పెట్టేసినా, నాను సాలాసేపు అలాగే పట్టుకుని కూకున్నాను.